టెక్ సందేహాలు: చెయ్యి వణక్కపోయినా ఫోటో ఎందుకు చెదురుతోంది?

ఈసారి వచ్చిన సందేహాలన్నీ దగ్గరి ఫోటోల చుట్టూనే తిరిగాయి. తొలకరి పడిందంటే మా సీమలో అందరి చూపూ నేల మీదే. కొందరిది విత్తనం కోసం, కొందరిది పురుగు కోసం, ఇంకొందరిది వజ్రం కోసం.

ప్రశ్న: అనంతపురంలో డిగ్రీ కాలేజీ జువాలజీ లెక్చరర్‌ని. శెనక్కాయ చేలల్లో పురుగుల ఫోటోలు తీస్తుంటాను. నా కెనాన్ క్రాప్ సెన్సర్ (పాత ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్న సెన్సర్) కెమెరాకు ఈఎఫ్ 100 ఎంఎం ఎల్ ఐఎస్ మ్యాక్రో (దగ్గరి ఫోటోల) లెన్సు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. "చేతి వణుకును ఆపే స్టెబిలైజర్ (ఐఎస్) ఉంది సార్, ఇంక స్టాండుతో పనేముంది" అన్నాడు అమ్మినాయన. షట్టర్ 1/60లో, అంటే సెకనులో అరవయ్యో వంతులో, పెట్టి మనుషుల్ని తీస్తే చక్కగా వస్తున్నాయి. అదే 1/60లో గొంగళి పురుగు దగ్గరికి పోతే పదింటికి తొమ్మిది మసకే. లెన్సు పాడైందా? నా చేతులకైతే ఏ వణుకూ లేదు.

జవాబు: లెన్సు మీద ఇప్పుడే అనుమానం పెట్టుకోకండి. మనుషుల ఫోటోలు 1/60లో బాగా వస్తున్నాయన్నారు కదా, స్టెబిలైజర్ బతికే ఉంది. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, సగం నిజం చెప్పాడు. ఆ సగం నిజాన్నే నాకూ ఒకప్పుడు ఓ దుకాణంలో అంటగట్టారు. ఏడాది పాటు నా చేతుల్నే తిట్టుకున్నాను.

చేతి వణుకు అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, అందులో మూడు ఊగుళ్లున్నాయి. కెమెరా ముక్కు పైకీ కిందికీ, పక్కలకీ వాలడం ఒకటి. వాలకుండానే కెమెరా మొత్తం పక్కకో పైకో జరగడం రెండోది. మనిషి ముందుకూ వెనక్కూ ఊగడం మూడోది. చెట్టు కింద నిలబడ్డ మనిషిని తీసేటప్పుడు మొదటిదొక్కటే ఫోటోను చెడగొడుతుంది. మామూలు స్టెబిలైజర్లు దానికోసం పుట్టినవే. గైరో సెన్సర్ ఆ వాలుడును పసిగట్టి, లెన్సులోని ఒక గాజు గుంపును ఎదురు దిక్కుకు జరుపుతుంది.

పురుగు దగ్గరికి పోయేసరికి రెండో ఊగుడు మొదలవుతుంది. 1:1లో, అంటే పురుగు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మా అంతే పడేటప్పుడు, కెమెరా పదో వంతు మిల్లీమీటరు పక్కకు జరిగితే బొమ్మ కూడా అంతే జరుగుతుంది. పదో వంతే కదా అనిపిస్తుంది. మీ కెమెరా 24 మెగాపిక్సెళ్లదనుకుందాం. 22.3 మి.మీ. వెడల్పులో అడ్డంగా 6000 పిక్సెళ్లు. పదో వంతు మిల్లీమీటరంటే దాదాపు 27 పిక్సెళ్లు. గొంగళి ఒంటి మీది ఒక్కో వెంట్రుకా 27 పిక్సెళ్ల మేర పులుముకుపోతే ఇంక వెంట్రుక ఎక్కడుంది, బూజు తప్ప!

ఈ సంగతి లెన్సులు చేసేవాళ్లకు తెలియక కాదు. మ్యాక్రో లెన్సులో స్టెబిలైజర్ మొదట తెచ్చింది నికాన్, 2006లో, 105 ఎంఎంకు. పక్కకు జరగడాన్ని కూడా యాక్సెలరేషన్ సెన్సర్‌తో పట్టుకునే హైబ్రిడ్ ఐఎస్‌ను 2009లో కెనాన్ మీ లెన్సుతోనే తెచ్చింది. అంటే మీ చేతిలో ఉన్నది మంచి సరుకే. అయినా మామూలు దూరంలో నాలుగు స్టాపుల సాయం (ఒక్కో స్టాపుకూ షట్టర్‌ను రెట్టింపు సేపు తెరిచి ఉంచవచ్చు), 1:2 దగ్గర, అంటే బొమ్మ సగం సైజులో పడేటప్పుడు, మూడు, 1:1 దగ్గర రెండే అని కెనానే చెప్పుకుంది. దుకాణంలో వినిపించేది ఆ నాలుగు మాత్రమే.

లెక్క వేసి చూడండి. చేత్తో పట్టుకున్నప్పుడు షట్టర్ ఫోకల్ లెంగ్త్‌కు తగ్గకూడదని పాత సూత్రం. 100ని క్రాప్ సెన్సర్‌కు 1.6తో హెచ్చిస్తే 160, అంటే షట్టర్ 1/160. 1:1లో ఊగుడు రెట్టింపుగా కనిపిస్తుంది గనక 320. అక్కణ్నుంచి రెండు స్టాపులు దిగితే 160, ఆపైన 80. అంటే లెన్సు తన శక్తంతా పెట్టినా 1/80 దగ్గరే గట్టు. మీరు 1/60 అంటున్నారు. నేనైతే 1/160 కిందికి దిగను, ఎవరు ఎన్ని స్టాపులు చెప్పినా సరే.

ఇంక మూడో ఊగుడు. దీన్ని లెన్సులోని ఏ స్టెబిలైజరూ ఆపలేదు. మీ సెన్సర్ మీద 1:1లో, లెన్సు కంతను ఎఫ్/8కి కుదించినా, పదునుగా కనిపించే మందం సుమారు 0.6 మి.మీ. ఊపిరి పీల్చి వదిలితేనే మనం అంతకంటే ఎక్కువ ఊగుతాం. పురుగు కంటికి ఫోకస్ పెట్టి బటన్ నొక్కేలోపు ఆ పదును మూతి మీదికో వీపు మీదికో పోయి ఉంటుంది. దాన్ని చూసి మనం "వణికింది" అనుకుంటాం.

ఈ రెండు జబ్బుల్ని విడదీయడానికి పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు. దాన్ని పుస్తకానికి ఆనించి ఏటవాలుగా నిలబెట్టండి. లెన్సును దగ్గరి హద్దు దాకా తిప్పి, మాన్యువల్ ఫోకస్‌లో ఉంచి, 3 సెం.మీ. గీత మీదికి గురిపెట్టి చేత్తోనే పది ఫోటోలు తీయండి. తర్వాత కంప్యూటర్లో పెద్దవి చేసి చూడండి. ఎక్కడో ఒకచోట, 2.8 దగ్గరో 3.3 దగ్గరో, గీతలు కత్తిలా ఉన్నాయంటే లెన్సూ స్టెబిలైజరూ బాగున్నట్టే, ముందుకూ వెనక్కూ ఊగింది మీరు. స్కేలు మొత్తంలో ఒక్క గీత కూడా తేటగా లేకుండా, అన్నీ ఒకే దిక్కుకు జంటగీతల్లా సాగి ఉంటే షట్టర్ చాలలేదు. షట్టర్ 1/320కి పెంచినా అలాగే ఉంటే అప్పుడు లెన్సును రిపేరుకు చూపించండి. మీ ఉత్తరం చదివితే నాకు ఆ ముందువెనకల ఊగుడే ఎక్కువనిపిస్తోంది.

మందేమిటంటే, మొదట కాస్త వెనక్కి రండి. గొంగళి పురుగుకు 1:1 ఎందుకు? మీ ఫ్రేములో 22 మి.మీ.యే పడుతుంది, ఎదిగిన ఎర్ర గొంగళి దానికి రెట్టింపు ఉంటుంది. 1:2కి తగ్గితే స్టెబిలైజర్ సాయం మూడు స్టాపులకు పెరుగుతుంది, పదును మందం 0.6 నుంచి 1.8 మి.మీ.కు చేరుతుంది. చేతులు మార్చకుండానే మూడింతల లాభం. కావాలంటే తర్వాత ఫోటో అంచులు కత్తిరించుకోవచ్చు.

ఫోకస్ రింగు కదపకండి. సైజు ఖాయం చేసుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుము నుంచి నెమ్మదిగా ముందుకు వాలుతూ కన్ను తేటపడే చోట నాలుగైదు ఫోటోలు గబగబా తీయండి. బటన్ సగం నొక్కి అర సెకను ఆగండి, వ్యూఫైండర్లో బొమ్మ నూనెలో తేలినట్టు నిమ్మళిస్తుంది. స్టెబిలైజర్ వల్ల నాకు కనిపించిన అసలు మేలు అదే. ఎగిరెగిరి పడే బొమ్మలో పురుగు కన్ను వెతుక్కోవడం ఎంత నరకమో పాత లెన్సులతో తీసినవాళ్లనడగండి.

గాలి సంగతి మీకు నేను చెప్పాలా? రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం గాలికి శెనక్కాయ ఆకు క్షణం నిలవదు, ఆకు ఊగితే స్టెబిలైజర్‌కు దిక్కు తోచదు. అది మీ కదలికనే చూస్తుంది గానీ పురుగు కదలికను కాదు. ఎడమ చేతి చూపుడువేలు, బొటనవేలితో రెమ్మను పట్టుకుని, అదే చేతి మణికట్టు మీద లెన్సును ఆనించండి. ఆకూ లెన్సూ కలిసే ఊగుతాయి, మధ్య దూరం మారదు. సిగ్గుపడకండి, నేను ఎక్కువ ఫోటోలు ఇట్లాగే తీస్తాను. ఎర్ర గొంగళి వెంట్రుకలు తగిలితే దురద పుడుతుంది, చెయ్యి జాగ్రత్త.

వీటన్నిటికంటే గట్టి మందు చిన్న ఫ్లాష్. ముందు తెల్ల ప్లాస్టిక్ డబ్బా మూత అడ్డంపెట్టి, తక్కువ పవర్‌లో, షట్టర్ 1/200, ఎఫ్/11. తక్కువ పవర్‌లో ఆ వెలుగు సెకనులో కొన్ని వేలవ వంతు సేపే ఉంటుంది గనక చేతి వణుకూ గాలీ రెండూ దాని ముందు ఆగిపోతాయి. పురుగు మీద మీ నీడ పడేలా కూర్చుంటే ఎండ వెలుగు అడ్డురాదు. పాతిక వేల లెన్సు కొన్నవాళ్లు మూడు వేల ఫ్లాష్ దగ్గర పిసినారితనం చేయడం నాకెప్పటికీ అర్థం కాని విషయం.

ప్రశ్న: కడపలో ఒకరు టామ్రాన్ 90 ఎంఎం మ్యాక్రో అమ్ముతున్నారు, వీసీ (టామ్రాన్ వాళ్ల స్టెబిలైజర్) ఉందంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ముందు లెన్సు మూతి మీద ఫిల్టర్ సైజు చూడండి. 58 అని ఉంటే అది 2012లో వచ్చిన ఎఫ్004 మోడల్. దాని వీసీ వాలుడును ఆపుతుంది గానీ పక్కకు జరగడాన్ని పట్టించుకోదు. 62 అని ఉంటే 2016 నాటి ఎఫ్017, రెండూ చూసుకుంటుంది. గాజు రెండింటిలోనూ మేలైనదే. ఫ్లాష్‌తోనే తీస్తానంటే 58ది బేరమాడి తీసుకోండి, నష్టం లేదు. కెమెరా బాడీలోనే ఐదు దిక్కుల స్టెబిలైజర్ ఉన్నవాళ్లకు ఈ తేడా ఇంకా తక్కువ.

ప్రశ్న: కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గర చేలో మా జేజికి ఒక రాయి దొరికింది. ఫోన్ మ్యాక్రో మోడ్‌లో తీస్తే అంతా మబ్బుగా వస్తోంది. ఫోటో పంపాను, వజ్రమేనా చెప్పగలరా?

జవాబు: జేజికి నా నమస్కారాలు. వజ్రమా కాదా అన్నది ఫోటోలో తేలదు, మీది కాదు కదా ఎవరి ఫోటోలోనూ తేలదు. పలుగురాయి కూడా తడి మట్టిలో అట్లాగే మెరుస్తుంది. వేడిని కొలిచే టెస్టర్‌తో మొదటి వడపోత చేయించి, దాన్నీ పూర్తిగా నమ్మకుండా రత్నాల ల్యాబులో చూపించండి. మాయిస్సనైట్ అనే రాయి ఆ టెస్టర్‌ను కూడా బోల్తా కొట్టిస్తుంది. రాయి చూడకుండానే రేటు చెప్పేవాళ్లకు మాత్రం ఫోటో కూడా పంపకండి.

ఇంక ఫోటో సంగతి. మీ ఫోన్‌లో మ్యాక్రో అని విడిగా ఉన్నది 2 మెగాపిక్సెళ్ల కెమెరా. పేరుకే కెమెరా, దాన్ని మరిచిపోండి. ఖరీదైన ఫోన్లలో మ్యాక్రో మోడ్ అల్ట్రావైడ్ లెన్సుతో నడుస్తుంది, చాలావాటిలో ఓఐఎస్ (ఫోన్ లెన్సులోని స్టెబిలైజర్) మెయిన్ కెమెరాకే ఉంటుంది గానీ దానికి ఉండదు. పైగా అంత దగ్గరికి పోతే ఫోన్ నీడే రాయి మీద పడుతుంది. మెయిన్ కెమెరాతో జానెడు దూరం నుంచి 2 ఎక్స్ జూమ్‌లో తీయండి. రాయిని నల్ల గుడ్డ మీద, కిటికీ పక్కన పెట్టండి. జానెడు ఎత్తున్న రెండు స్టీలు డబ్బాలు బోర్లించి, వాటి మీద వంతెనలా ఫోన్‌ను పడుకోబెట్టి, 3 సెకన్ల టైమర్ పెట్టండి. వేలి తాకిడికి కదిలే బాధ కూడా పోతుంది.

ప్రశ్న: మాది గుత్తి. మా ఊరి పేరున్న నీలం సాలీడును ఎప్పటికైనా ఫోటో తీయాలని కోరిక. 60 ఎంఎం మ్యాక్రో చాలా, 100 ఉండాలా?

జవాబు: 100. దగ్గరి ఫోకస్ దూరం 30 సెం.మీ. అని రాసి ఉంటే అది సెన్సర్ నుంచి కొలిచింది. లెన్సు మూతి నుంచి సాలీడుకు మిగిలేది అందులో సగం లోపే. 60తో అయితే ఇంకా మీదికి పోవాలి, మీ నీడ పడగానే అది తొర్రలోకి దూరుతుంది. చెట్టు తొర్రల్లో చీకటి గనక స్టెబిలైజర్ గురి కుదరడానికి, ఫ్లాష్ ఫోటో రావడానికి, రెండూ కావాలి.

1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ దీన్ని శాస్త్రలోకానికి చెప్పినప్పుడు, దొరికింది మీ గుత్తి రైల్వే కలప డిపోలో. అసలు ఇల్లు అక్కడ కాదు, కట్టెలతో పాటు వచ్చిపడిందని చెబుతారు. తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. అంతరించే ప్రమాదం అంచున ఉన్న జీవి, పెంపకానికి పట్టుకుపోయేవాళ్లు పొంచి ఉంటారు. అందుకని అటవీశాఖ అనుమతి తీసుకున్నాక, కెమెరాలోనూ ఫోన్‌లోనూ లొకేషన్ ఆపేసి మరీ వెళ్లండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే లొకేషన్ చెరిగిపోతుంది గానీ, క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే ఏ చెట్టు కింద తీశారో కూడా ఫైలుతో పాటే పోతుంది.