వరి కోయకముందే చేలో మినుములు ఎందుకు చల్లుతారు?

వరికి పెట్టిన నీళ్ల తాలూకు పదును ఆరిపోయేలోపు మినుము మొలవాలి, అందుకే కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడి ఉన్న చేలోనే గింజలు చల్లేస్తారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇది పాత పద్ధతే.

డెల్టా నల్లరేగడి తడిని బాగా పట్టి ఉంచుతుంది. కానీ కోత అయ్యాక దున్నితే పెద్ద పెద్ద బెడ్డలు లేస్తాయి, ఉన్న కాస్త తడీ ఎగిరిపోతుంది. దున్నకపోతే ఆ తడికి తోడు మంచు కూడా కలిసి, 70-80 రోజుల పంట దాదాపు నీరు పెట్టకుండానే చేతికొస్తుంది. ఉదాహరణకు డిసెంబరు మొదట్లో ఎకరానికి 16-18 కిలోలు చల్లితే, కాయ కోత ఫిబ్రవరి చివరికల్లా వస్తుంది. చల్లేటప్పుడు నేల మెత్తగా ఉండాలి: కాలు వేస్తే అడుగు ముద్ర పడాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. నిలిస్తే గింజ కుళ్లుతుంది.

కోత కూలీలు తొక్కితే గింజలు పాడైపోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ అడుగులే గింజను మట్టిలోకి నొక్కుతాయి. మిషన్ కోత సంగతి వేరు. దాని చక్రాల కింద మొలక నలిగిపోతుంది కాబట్టి అక్కడ కోత అయ్యాకే విత్తుతారు.