ఎదిగే పిల్లవాడికి ఎంత మంచం కావాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు నిండాయి. ఇప్పుడు 5 అడుగుల 3 అంగుళాల పొడుగున్నాడు. చిన్నప్పుడు చేయించిన 5½ అడుగుల మంచంమీదే ఇంకా పడుకుంటున్నాడు. రెండు నెలలుగా, తెల్లవారి లేపడానికి వెళ్లేసరికి, కాళ్లవైపు చెక్కకు పాదాలు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని, మంచానికి అడ్డదిడ్డంగా పడుకుని కనిపిస్తున్నాడు. కొత్త మంచం కొనాలనుకున్నాం గాని, ఏ సైజు అన్నచోట ఇంట్లో మాట కుదరడం లేదు. ఒకేసారి క్వీన్ సైజు కొనేస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదని మావారంటారు. ఒక్కడికి సింగిల్ మంచం చాలదా అని నేనంటాను. వాడి గది పొడవు 10 అడుగులు, వెడల్పు 9 అడుగులు. 4 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు ఉన్న చదువుబల్ల, ఒక బీరువా అందులోనే ఉండాలి. గది తలుపు 9 అడుగుల గోడకు ఉంది, 30 అంగుళాల వెడల్పుతో లోపలికి తెరుచుకుంటుంది. మావారి ఎత్తు 178 సెంటీమీటర్లు, నాది 162. ఏ సైజు తీసుకోమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ ఇద్దరి వాదనా మంచం వెడల్పు గురించి జరుగుతోంది. మీ అబ్బాయి పడుతున్న ఇబ్బంది మాత్రం పొడవుది. సింగిల్, డబుల్, క్వీన్ అన్న పేర్లు ముఖ్యంగా వెడల్పును తెలిపేవే తప్ప పొడవుకు హామీ ఇచ్చేవి కావు. ఒకే పేరుతో 72 అంగుళాల పొడవున్న పరుపూ ఉంటుంది, 75 అంగుళాలదీ ఉంటుంది, 78 అంగుళాలదీ ఉంటుంది. పేరు చూసి 60 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు ఉన్న మంచం తెచ్చుకుంటే, నాలుగేళ్ల తరువాత అంత విశాలమైన మంచంమీద కూడా మీవాడు పాదాలు బయటికి వేలాడేసుకునే పడుకోవలసి రావచ్చు. అందుచేత ముందు పొడవు తేల్చుకుని, ఆ తరువాతే వెడల్పు జోలికి వెళ్దాం.

నిలబడ్డ మనిషికి ఉన్న పొడుగు కంటే పడుకున్న మనిషికి కావలసిన చోటు ఎక్కువ. వెల్లకిలా పడుకున్నప్పుడు పాదాలు నిలువుగా నిలవవు, వేళ్లు ముందుకు వాలతాయి. బోర్లా పడుకుంటే ఇంకా సాగుతాయి. తల కూడా మంచం అంచును అంటిపెట్టుకుని ఉండదు. దిండు నాలుగు వేళ్లయినా కిందికి జారుతుంది, దానితోపాటు మనిషీ జారతాడు. ఈ రెండింటికీ కలిపి, మనిషి ఎత్తు మీద 10 నుంచి 15 సెంటీమీటర్లు అదనంగా ఉంచుకోవడం మంచాల విషయంలో వాడుకలో ఉన్న లెక్క. మీ అబ్బాయి ఎత్తు 160 సెంటీమీటర్లు, ఇప్పుడున్న మంచం పొడవు దాదాపు 168. మిగిలే ఆ 8 సెంటీమీటర్లు దిండు జారుడుకే సరిపోతాయి. మీరు పొద్దున్నే చూస్తున్న ఆ ముడుచుకున్న మోకాళ్ల వెనుక ఉన్నది ఇదే. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమన్న సామెత ఖర్చుల విషయంలో ఎంత మంచిదైనా, ఎదిగే పిల్లల దగ్గర దాన్ని తిరగేసి, కాళ్లను చూసి మంచం ఎంచుకోక తప్పదు.

ఇక ఎంత ఎదుగుతాడన్నది. మగపిల్లలు సాధారణంగా 13, 14 ఏళ్ల మధ్య అన్నిటికంటే వేగంగా పొడుగవుతారు. ఆ ఒక్క ఏడాదిలోనే 9, 10 సెంటీమీటర్లు పెరిగేవారుంటారు. ఆ తరువాత వేగం తగ్గుతూ వచ్చి 16, 17 ఏళ్లకు చాలామందిలో ఎదుగుదల దాదాపు పూర్తవుతుంది. కొందరిలో ఇంకాస్త కొనసాగుతుంది. అంటే మీవాడు అసలు పరుగు మొదలుపెట్టే వయసులో ఉన్నాడు. చివరికి ఎంత పొడుగవుతాడో అంచనా వేయడానికి పిల్లల వైద్యులు వాడే ఒక సులువైన లెక్క ఉంది. తల్లిదండ్రుల ఎత్తులను సెంటీమీటర్లలో కూడి, అబ్బాయైతే 13 కలిపి, అమ్మాయైతే 13 తీసివేసి, వచ్చిన దాన్ని సగం చేయాలి. మీ ఇంటి లెక్కలో 178, 162, 13 కలిస్తే 353, అందులో సగం 176.5. ఇది జాతకం కాదు. ఇటూ అటూ ఎనిమిదిన్నర సెంటీమీటర్లు తేడా రావచ్చు కాబట్టి, 168 నుంచి 185 వరకు ఎక్కడైనా ఆగవచ్చునని అర్థం చేసుకోవాలి. (ఈ లెక్క మంచం కొనడానికి వాడుకోండి గాని, వాణ్ని నెలనెలా గోడకు నిలబెట్టి కొలవడానికి కాదు. ఆ వయసులో అది పిల్లలకు ఏమాత్రం నచ్చదు.)

ఇప్పుడు పరుపుల పొడవులను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. 72 అంగుళాలంటే 183 సెంటీమీటర్లు. మీవాడు మధ్యస్థ అంచనాకు ఎదిగినా అందులో మిగిలేది ఆరు సెంటీమీటర్లే కాబట్టి, ఇవాళ్టి కథే మళ్లీ మొదలవుతుంది. 75 అంగుళాలు, అంటే 190 సెంటీమీటర్లు, మధ్యస్థ అంచనాకు సరిపోతుంది గాని అంతకు మించి పెరిగితే చాలదు. 78 అంగుళాలంటే 198 సెంటీమీటర్లు. అంచనాలో పైకొసన ఉన్న 185 సెంటీమీటర్ల మనిషికి కూడా 13 సెంటీమీటర్లు మిగులుతుంది. కాబట్టి మీరు 78కి తగ్గవద్దు. 80 అంగుళాలది దొరికితే ఇంకా హాయి, అయితే అదే కొలతలో పరుపూ దుప్పటీ కూడా సులువుగా దొరుకుతాయో లేదో ముందే చూసుకోండి. ఏ పొడవు తీసుకున్నా, కాళ్లవైపు పరుపు కంటే ఎత్తుగా లేచి ఉండే చెక్క లేని మంచమే ఎంచుకోండి. కాళ్లవైపు తెరిచి ఉన్న మంచం రెండంగుళాలు తక్కువైనా సర్దుకుపోతుంది, అడ్డుచెక్క ఉన్నది అసలు సర్దుకోదు.

వెడల్పు దగ్గరకు వస్తే, నిర్ణయించేది పిల్లవాడి కంటే ఎక్కువగా గదే. పరుపు కొలత వేరు, మంచం బయటి కొలత వేరు. చట్రం, తలవైపు చెక్క కలుపుకుంటే పొడవుకూ వెడల్పుకూ తలా ఒక నాలుగు అంగుళాలు పెరుగుతాయనుకుని లెక్క వేద్దాం. మంచాన్ని 10 అడుగుల గోడ వెంట వేసి, బల్లనూ బీరువానూ ఎదుటి గోడకు చేర్చారనుకోండి. గది వెడల్పు 108 అంగుళాలు. అందులో క్వీన్ సైజు మంచానికి 64, బల్లకు 24 పోగా మిగిలేది 20 అంగుళాలు. కుర్చీ వెనక్కి లాగి కూర్చోవాలంటే 30 అంగుళాలైనా ఉండాలి కాబట్టి, మీవాడు మంచంమీద కూర్చునే చదవాలి. బీరువా ముందు నిలబడి తలుపు తీయడం కూడా కష్టమే. 48 అంగుళాల డబుల్ మంచమైతే 32 అంగుళాలు మిగులుతాయి, కుర్చీ కదులుతుంది. 36 అంగుళాల సింగిల్ అయితే 44 మిగులుతాయి, గది మధ్యలో మనిషి తిరగడానికి కూడా చోటుంటుంది.

ఈ అంకెలు కాగితంమీద చూసి తృప్తిపడకండి. ఒక సాయంత్రం బల్లనూ బీరువానూ వాటి చోట్లకు జరిపి, నేలమీద సుద్దముక్కతో మంచం బయటి కొలతను గీయండి. అబ్బాయిని ఆ గీతల మధ్య పడుకోబెట్టండి, కుర్చీ లాగి చూడండి, బీరువా రెక్కలు పూర్తిగా తెరవండి, గది తలుపు మూసి తెరవండి. పొడవు వైపు 120 అంగుళాల్లో 82 మంచానికి పోతే 38 మిగులుతాయి, మీ 30 అంగుళాల తలుపు నిరాటంకంగా తిరుగుతుంది. అయితే తలవైపు పుస్తకాల అరలున్న మంచం ముచ్చటపడ్డారనుకోండి, ఆ అరలు ఒక 10 అంగుళాలు తినేస్తే మిగిలేది 28. తలుపు వచ్చి మంచానికి కొట్టుకుంటుంది. బజారులో ఇది తట్టదు, ఇంటికి తెచ్చి బిగించాక తెలుస్తుంది. మంచం కింద సొరుగులున్న రకమైతే, అవి పూర్తిగా బయటికి వచ్చే చోటును కూడా సుద్దతో గీయండి.

36 అంగుళాల వెడల్పు ఒక్కడికి చాలుతుందా అంటే, చాలుతుంది గాని బొటాబొటిగానే. వెల్లకిలా పడుకుని రెండు చేతులూ తలకింద పెట్టుకున్నప్పుడు ఎదిగిన మనిషి మోచేతులు దాదాపు ఆ అంచులదాకా వస్తాయి. నిద్రలో బాగా పొర్లే పిల్లవాడికి 48 అంగుళాలు సుఖం. అంతకు మించిన వెడల్పుతో నిద్రకు కలిగే లాభమేమీ నాకు కనిపించదు.

కాబట్టి నా సలహా: 48 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవు, కాళ్లవైపు చెక్క లేని మంచం. సుద్దగీతల పరీక్షలో కుర్చీ దగ్గర ఇరుకనిపిస్తే వెడల్పు 36కు తగ్గించండి, పొడవును మాత్రం ముట్టుకోవద్దు. ఒకేసారి కొనాలన్న మీవారి ఆలోచన సరైనదే, దాన్ని ఆయన వెడల్పుకు బదులు పొడవుకు వర్తింపజేసి ఉంటే సరిపోయేది.

కొనేటప్పుడు చట్రం లోపలి కొలతను టేపుతో మీరే చూసుకోండి. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. ఫోమ్ పరుపు వేసేటట్లయితే కింద చెక్క పట్టీల మధ్య ఎడం 3 అంగుళాలకు మించకుండా చూడండి, లేకపోతే పరుపు ఆ సందుల్లోకి దిగబడుతుంది. పొడుగుతోపాటు బరువూ పెరుగుతుంది కాబట్టి, ఇవాళ మెత్తగా ఉందని మురిసిపోయిన పరుపు నాలుగేళ్లకు నడుం దగ్గర కుక్కిమంచంలా గుంటపడే ప్రమాదముంది. కాస్త గట్టిగా ఉన్నదే తీసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. 157 సెంటీమీటర్ల ఎత్తుంది. ఏడాదిగా పొడుగు పెరగలేదు. 72 అంగుళాల సింగిల్ మంచం సరిపోతుందా? మంచంమీదే పుస్తకాలు పరుచుకుని చదువుతాను, డబుల్ కావాలంటోంది.
— ఒక తండ్రి

జవాబు: ఆడపిల్లల ఎదుగుదల మగపిల్లల కంటే ఇంచుమించు రెండేళ్లు ముందు మొదలై ముందే ముగుస్తుంది. రజస్వల అయిన రెండు, రెండున్నర ఏళ్లకు చాలామందిలో ఎత్తు పెరగడం దాదాపు ఆగిపోతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీ అమ్మాయి తన పూర్తి ఎత్తుకు దగ్గరగా వచ్చినట్టే ఉంది. ఆమె ఎత్తుకు 15 సెంటీమీటర్లు కలిపినా 172 అవుతుంది, 72 అంగుళాల మంచం 183 సెంటీమీటర్లు కాబట్టి పొడవు గురించి చింత లేదు.

డబుల్ కావాలన్న కోరిక తప్పేమీ కాదు, గదిలో చోటుంటే ఇవ్వండి. కాని పుస్తకాల కోసమైతే ఆ చోటును బల్లకు ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఆ వయసులో శరీరంలోని గడియారం సహజంగానే వెనక్కి జరిగి, రాత్రి పొద్దుపోయేదాకా నిద్ర రానివ్వదు. దానికి తోడు చదువు, ఫోను, కబుర్లు అన్నీ మంచంమీదే అయితే, పడుకోగానే నిద్ర పట్టే అలవాటు ఇంకా చెడుతుంది.

ప్రశ్న: 12, 14 ఏళ్ల మా అబ్బాయిలిద్దరికీ ఒకటే గది. చోటు కలిసివస్తుందని అంతస్తుల మంచం చూస్తున్నాం. మంచిదేనా?
— ఒక పాఠకుడు

జవాబు: చోటు కలిసివచ్చే మాట నిజమే గాని, ఈ వయసుకు నేను అంత సుముఖంగా లేను. అలాంటి మంచాలకు రెండు కొసలా చట్రం ఉంటుంది, కాళ్లు బయటికి చాపే వీలుండదు. అందువల్ల ఇక్కడ లోపలి పొడవు మామూలు మంచం కంటే ఎక్కువ పట్టించుకోవలసిన విషయం. పైనున్నవాడు లేచి కూర్చుంటే తల కప్పుకు తగలకూడదు, పరుపు మీదినుంచి కప్పుదాకా 3 అడుగులైనా ఉండాలి. పక్కనుండే అడ్డుకమ్మీ పరుపు పైభాగం కంటే కనీసం 5 అంగుళాల ఎత్తు లేవాలి. కాబట్టి మందపాటి పరుపు వేస్తే ఆ రక్షణ కాస్తా పోతుంది. చట్రం ఎంత బరువు మోస్తుందో తయారీదారు చెప్పిన అంకెను, మీ పిల్లల ఇవాళ్టి బరువుతో కాక ఇంకో నాలుగేళ్ల తరువాతి బరువుతో సరిపోల్చుకోండి. రెండు సింగిల్ మంచాలను మూలకు చేర్చి, రెండు గోడల వెంట ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా వేసే వీలుందేమో ముందు సుద్ద గీసి చూడండి. వీలు పడితే నా ఓటు వాటికే.