15 కోట్ల డిగ్రీల వేడి సాధించారు కదా, టోకమాక్‌లో ప్లాస్మా ఎందుకు నిలవడం లేదు?

పులివెందుల నుంచి ఇంటర్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. వేడి వచ్చింది, అయస్కాంతాలూ బలంగానే ఉన్నాయి, మరి ప్లాస్మా ఎందుకు అదుపు తప్పుతోంది, తప్పితే పేలుతుందా అని. టోకమాక్ అంటే హైడ్రోజన్ కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే (దీన్నే ఫ్యూజన్ అంటారు) యంత్రం. ప్లాస్మా అంటే వేడికి అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువు.

నాయనా, పేలుడు సంగతి ముందు చెప్తాను. తుమ్మలపల్లె యురేనియం గనికి దగ్గర్లో ఉన్నవాడివి, ఆ అనుమానం రావడం సహజమే. ఇందులో యురేనియం లేదు. ఇంధనం డ్యుటీరియం, ట్రిటియం, రెండూ హైడ్రోజన్ రూపాలే. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటీఈఆర్ లాంటి భారీ యంత్రంలో కూడా ఒక్కో క్షణంలో లోపల ఉండేది కొద్ది గ్రాముల ఇంధనమే. అదుపు తప్పితే ప్లాస్మా చల్లారిపోతుంది, బాంబులా పేలదు. దెబ్బ తినేది యంత్రం గోడలు.

ఇక అసలు ప్రశ్న. మా తాత కిత్తనార తాళ్లు పేనేవాడు. ఒక కొస ఆయన పట్టుకుని రెండో కొస నన్ను తిప్పమనేవాడు. పురి చాలకపోతే నార విడిపోతుంది. ఎక్కువైతే, చేతిపట్టు కాస్త సడలగానే తాడు తటాలున మెలికపడి తనకు తానే చుట్టుకుంటుంది. ఎమ్మెస్సీలో ప్లాస్మా పాఠం విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ తాడే. ఇప్పటికీ కడపలో మా డిగ్రీ పిల్లలకు అక్కడి నుంచే మొదలుపెడతాను.

టోకమాక్‌లో ప్లాస్మా గాలి కొట్టిన సైకిల్ ట్యూబు ఆకారంలో ఉంటుంది. బయటి కాయిల్స్ ఆ ట్యూబు వెంబడి గుండ్రంగా అయస్కాంత రేఖలను పరుస్తాయి. అవొక్కటే అయితే అయాన్లు ఒకవైపు, ఎలక్ట్రాన్లు రెండోవైపు, పైకీ కిందికీ జరిగిపోతాయి. అలా విడిపోయిన ఆవేశాల వల్ల ప్లాస్మా మొత్తం బయటి గోడ మీదికి తోసుకుపోతుంది. అందుకని ప్లాస్మాలోనే కరెంటు పారిస్తారు. ఆ కరెంటు రేఖలకు పురి ఎక్కిస్తుంది, పైనా కిందా కలిసి ఆవేశాలు సర్దుకుంటాయి. అంటే ప్లాస్మాను పట్టి ఉంచే పంజరాన్ని కొంత ప్లాస్మాయే అల్లాలి. బయటి అయస్కాంతం మన చేతిలో ఉంది. లోపలి కరెంటు మాత్రం ప్లాస్మా కదిలితే తనూ కదులుతుంది, దాంతో పంజరమే వంకరపోతుంది. వంకర పోయినకొద్దీ ఇంకా వంకర పోతుంది. అస్థిరత అంటే అదే.

పురికి హద్దు ఎంతో అమెరికాలో క్రుస్కల్, సోవియట్ యూనియన్‌లో షఫ్రనోవ్ 1950ల్లోనే లెక్క కట్టారు. రేఖ ట్యూబును అడ్డంగా ఒక చుట్టు చుట్టేలోపు పొడవునా ఒకటికన్నా ఎక్కువ చుట్లు తిరిగి ఉండాలి. దీన్నే సేఫ్టీ ఫ్యాక్టర్ అంటారు. ఆచరణలో ప్లాస్మా అంచు దగ్గర దీన్ని సుమారు 3 దగ్గర ఉంచుతారు. మరీ తగ్గితే, అంటే పురి ఎక్కువైతే, ప్లాస్మా తాడులాగే మెలికపడుతుంది. దాని పేరు కింక్.

ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కోసం ఒక వేసవి ప్లాస్మా ల్యాబ్‌లో ఉన్నాను. పాత ప్రయోగాల సిగ్నళ్లు చూసి, కరెంటు ఏ క్షణంలో కూలిందో గుర్తుపెట్టడం నా పని. గోడ దగ్గరి చిన్న కాయిల్స్ సిగ్నల్‌లో ముందు సన్నని అల కనిపించేది. అది పెరిగి, నెమ్మదించి, ఒక్కసారిగా ఆగిపోయేది. ఆ వెంటనే కరెంటు గీత నిట్టనిలువుగా పడిపోయేది. అంతా కొన్ని మిల్లీసెకన్లలో. దీన్ని డిస్రప్షన్ అంటారు. ఎన్నిసార్లు చూసినా ఆ గీత పడేచోట నాకు గుండె ఝల్లుమనేది. ఐటీఈఆర్‌లో పారాల్సిన కరెంటు కోటిన్నర ఆంపియర్లు, అది అలా కూలితే గోడ మీద పడే వేడి, పాత్ర మీద పడే బలం ఎంతో ఊహించుకో. అందుకే కూలబోతోందని తెలియగానే గడ్డకట్టిన హైడ్రోజన్, నియాన్ గుళికలను ముక్కలు చేసి లోపలికి కొట్టే ఏర్పాటు పెడుతున్నారు. వేడి ఒక్కచోట పడకుండా వెలుతురుగా అన్ని వైపులకూ పోతుంది.

అంచు దగ్గర ఇంకో తంటా ఉంది. 1982లో జర్మనీలోని ఆస్‌డెక్స్ యంత్రంలో ప్లాస్మా తన అంచున తానే ఒక గట్టులాంటిది కట్టుకుని వేడిని బాగా నిలబెట్టుకోవడం కనిపించింది. మంచిదే, కానీ గట్టు దగ్గర ఒత్తిడి పెరిగి కుక్కర్ విజిల్ వేసినట్టు మాటిమాటికీ బయటికి చిమ్ముతుంది. చిన్న కాయిల్స్‌తో అంచును కాస్త కదిలించి దీన్ని చాలావరకు ఆపగలుగుతున్నారు.

పని ముందుకు సాగలేదని మాత్రం అనుకోవద్దు. 2023లో ఇంగ్లండ్‌లోని జెట్ అనే టోకమాక్ 69 మెగాజౌళ్ల ఫ్యూజన్ శక్తి ఇచ్చింది, మన మీటరు లెక్కలో 19 యూనిట్లు. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని వెస్ట్ అనే టోకమాక్ ప్లాస్మాను 1337 సెకన్లు నిలిపింది. 1955లో జెనీవా సభలో హోమీ భాభా ఫ్యూజన్ శక్తిని అదుపులోకి తెచ్చే దారి ఇరవై ఏళ్లలో దొరుకుతుందన్నారు. ఆయన ఆశ తప్పు కాదు, ఈ మెలికల సంగతి అప్పటికి పూర్తిగా బయటపడలేదు.

ఇంట్లో ఒక మూర నూలుదారం తీసుకో. బాగా పురి పెట్టి రెండు కొసలూ మెల్లగా దగ్గరికి తీసుకురా. మెలిక ఎక్కడ పడుతుందో పడకముందే వేలు పెట్టి చూపించగలవేమో చూడు. నేను ఆ వేసవంతా సిగ్నళ్లలో వెతికింది అదే.