సాఫ్ట్‌వేర్ వచ్చాక కూడా చుక్కలు, గీతలు దిద్దాలా?

ప్రశ్న: డిగ్రీ అయ్యాక గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేరాను. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ నాకు ముందే బాగా వచ్చు. తెలిసినవాళ్లకు పోస్టర్లు కూడా చేసిచ్చాను. క్లాసులో మాత్రం చేరినప్పటి నుంచీ చుక్కలు, గీతలు, నలుపు తెలుపు చతురస్రాలే. ఎలిమెంట్స్, ప్రిన్సిపుల్స్ అంటూ జాబితాలు రాయిస్తున్నారు. చేత్తో బొమ్మలు వేయడం నాకు అంతగా రాదు. టైం వృథా అవుతోందని టెన్షన్‌గా ఉంది. మానేసి నేరుగా ఉద్యోగాలు వెతుక్కోనా? – ఒక విద్యార్థిని

జవాబు: మానేయకండి. అలాగని మీ విసుగును తప్పుపట్టను. రేఖ, ఆకారం, ఘనరూపం, రంగు, వాల్యూ (లేత ముదురు), టెక్స్చర్, స్పేస్ అని ఒక జాబితా. బ్యాలెన్స్, కాంట్రాస్ట్, ఎంఫసిస్, రిథమ్, ప్రపోర్షన్, యూనిటీ అని ఇంకో జాబితా. వీటిని బట్టీ పట్టిస్తే ఎవరికైనా విసుగే. పైగా ఒక్కో పుస్తకంలో ఒక్కో లెక్క ఉంటుంది. ఏడా, ఆరా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పేజీ మీద మీరు పెట్టేవి ఎలిమెంట్స్, వాటిని ఎలా పెట్టారన్నది ప్రిన్సిపుల్స్. అంతవరకు తెలిస్తే చాలు.

ఇవి ఉద్యోగంలో ఎక్కడ పనికొస్తాయో చెబుతాను. క్లయింట్ మీ పోస్టర్ చూసి "బాగానే ఉంది, కానీ ఏదో తేడాగా ఉంది" అంటాడు. ఆ తేడా ఏమిటో అతను చెప్పలేడు, చెప్పాల్సిన పని కూడా అతనిది కాదు. హెడ్డింగ్‌కీ కింది లైనుకీ సైజులో తేడా చాలలేదా, ఫొటో బరువంతా ఒక పక్కకే ఒరిగిందా, తేదీ దాని వేదికకు దూరంగా వెళ్లి ఇంకోదాని పక్కన చేరిందా అని పోల్చుకోవాల్సింది మీరు. ఆ ముక్క పట్టుకోలేనివాళ్లు రంగులు మార్చి ఒకటి, ఫాంట్ మార్చి ఇంకొకటి పంపుతూ రాత్రంతా కూర్చుంటారు. జీతంలో తేడా వచ్చేది కూడా ఇక్కడే. టూల్ తెలిసినవాళ్లు చాలామంది దొరుకుతారు. "ఇది ఇక్కడ ఎందుకు పెట్టావు?" అంటే జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఏఐ ఒక్క నిమిషంలో పది బొమ్మలు ఇస్తుంది. వాటిలో ఏది పనికొస్తుందో, ఎందుకో చెప్పాలన్నా ఈ చదువే కావాలి.

పేజీ మీద వస్తువుల అమరిక ఎంత పని చేస్తుందో చూడాలంటే 2000 నవంబరు నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలు గుర్తు చేసుకోండి. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో, పేర్లు పెద్ద అక్షరాల్లో కనిపించాలన్న మంచి ఉద్దేశంతోనే, బ్యాలెట్‌ను ఎదురెదురు పేజీలుగా విడగొట్టి మధ్యలో ఒకే వరుసలో రంధ్రాలు పెట్టారు. ఎడమ పేజీలో రెండో పేరు డెమొక్రాటిక్ అభ్యర్థి ఆల్ గోర్‌ది. కానీ ఆయనకు ఓటు పడాలంటే మూడో రంధ్రం పొడవాలి. రెండోది కుడి పేజీలో మొదటి పేరైన పాట్ బుకానన్‌ది. గోర్‌కు వేద్దామని వచ్చిన రెండు వేల మందికి పైగా ఓటర్లు పొరపాటున బుకానన్‌కు వేశారని పరిశోధకులు తర్వాత అంచనా కట్టారు. ఆ రాష్ట్రంలో గోర్ ఓడింది 537 ఓట్ల తేడాతోనే. అక్షరాలు పెద్దవే, చక్కగా చదవొచ్చు కూడా. పేరుకీ రంధ్రానికీ మధ్య అలైన్‌మెంట్ (ఒకే వరుసలో ఉండటం) కుదరలేదు, అంతే.

ఇక ఆ నలుపు తెలుపు చతురస్రాల సంగతి. మిమ్మల్ని ఎక్కువగా విసిగిస్తున్నది అదే అనుకుంటాను. నా లెక్కలో మాత్రం మొత్తం సిలబస్‌లో దానికే విలువ ఎక్కువ. ఒకే బూడిద రంగు ముక్కను నల్ల కాగితం మీదొకటి, తెల్ల కాగితం మీదొకటి పెట్టి చూడండి. రెండూ ఒకటేనంటే కన్ను ఒప్పుకోదు. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లోని గోబెలిన్ వస్త్ర కర్మాగారానికి ఇదే సమస్య వచ్చింది. నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే, అద్దకాల బాధ్యత చూసే రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ పరీక్షించి, అద్దకంలో లోపం లేదని తేల్చారు. పక్కనున్న నీలం, ఊదా దారాలే నలుపును అలా చూపిస్తున్నాయి. దాని మీద ఆయన చేసిన పరిశీలనలు 1839లో అచ్చయ్యాయి. అంటే రంగును విడిగా ఎంచుకోవడం కుదరదు, దాని పక్కన ఏముందో చూసే ఎంచుకోవాలి. "ఎరుపు అంటే ఉత్సాహం, నీలం అంటే నమ్మకం" అనే చార్టులు మీకు ఈపాటికి కనిపించే ఉంటాయి. వాటిని అంతగా నమ్మకండి.

రంగుకు కూడా వాల్యూ ఉంటుంది. అంటే అది ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉందన్నది. ఎర్రని బ్యాక్‌గ్రౌండ్ మీద ఆకుపచ్చ అక్షరాలు స్క్రీన్ మీద కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు. రంగు తీసేసి చూస్తే రెండూ ఒకే బూడిదలో కలిసిపోతే, ఆ డిజైన్ చదవడం కష్టం. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా గుర్తించలేనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, తక్కువేమీ లేరు. చూపు మందగించినవాళ్లతో పాటు ఇలాంటివాళ్లు కూడా చదవగలగాలనే వెబ్ యాక్సెసిబిలిటీ (వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండటం) మార్గదర్శకాల్లో మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్ కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని అడుగుతారు. ఆ లెక్క కట్టేది ఏ రంగన్నదాన్ని బట్టి కాదు, అది ఎంత వెలుతురుగా ఉందన్నదాన్ని బట్టి. కాబట్టి ఏ పని చేసినా ముందు నలుపు తెలుపులోకి మార్చి చూసుకోండి. అక్కడ నిలబడిన డిజైన్‌కు రంగు వేయడం పెద్ద కష్టం కాదు.

ఖాళీ కూడా ఒక ఎలిమెంటే అంటే కొత్తలో ఎవరూ నమ్మరు. ఖాళీ కనిపిస్తే అందులో ఏదో ఒకటి పెట్టేయాలనిపిస్తుంది, క్లయింట్లయితే మరీనూ. కొరియర్ కంపెనీ ఫెడెక్స్ లోగోలో చివరి రెండు అక్షరాల మధ్య బాణం గుర్తు చూశారా? దాన్ని విడిగా గీయలేదు. 1994లో డిజైనర్ లిండన్ లీడర్ ఆ ఖాళీ బాణంలా కుదిరేలా చుట్టూ ఉన్న అక్షరాల ఆకారాలనే సవరించారు.

ప్రిన్సిపుల్స్‌లో అన్నింటికీ సమానంగా సమయం పెట్టక్కర్లేదు. కాంట్రాస్ట్, దగ్గర దూరాలు, అలైన్‌మెంట్ మీద పట్టు వస్తే రోజువారీ పనిలో చాలా భాగం గడిచిపోతుంది. కాంట్రాస్ట్‌లో కొత్తవాళ్లు మొహమాటపడతారు. హెడ్డింగ్ 20 పాయింట్లు, కింద మేటర్ 18 పాయింట్లు పెడితే అది తేడాలా ఉండదు, పొరపాటులా ఉంటుంది. వేరుగా ఉండాలనుకుంటే బాగా వేరుగా ఉంచాలి. గోల్డెన్ రేషియో (అందానికి కొలత అని చెప్పే సుమారు 1.618 నిష్పత్తి) అంటూ లోగోల మీద వృత్తాలు గీసి చూపించే వీడియోలు చూసి కంగారుపడకండి. వాటిలో చాలావరకు లోగో అయిపోయాక గీసినవే. నిష్పత్తి మీద ఆసక్తి ఉంటే ఏ4 కాగితం కొలతలు చూడండి. పొడవు వెడల్పుకు సుమారు 1.414 రెట్లు. అందుకే ఏ3ని సగానికి మడిస్తే అదే నిష్పత్తిలో ఏ4 వస్తుంది, మీ లేఅవుట్‌ను కత్తిరించకుండానే చిన్నది చేయొచ్చు. ఇలాంటి నిష్పత్తి రోజూ పనికొస్తుంది.

బొమ్మలు వేయడం రాదన్నారు. బొమ్మలు గీసే ఆర్టిస్టుగా స్థిరపడాలనుకుంటే తప్ప అది అడ్డంకి కాదు. అగ్గిపెట్టెంత డబ్బాల్లో పెన్సిల్‌తో హెడ్డింగ్ ఇక్కడ, ఫొటో ఇక్కడ అని పది రకాలుగా గీసుకోగలిగితే చాలు. ఆ గీతలు మీకు అర్థమైతే సరిపోతుంది. మీరు చేస్తున్న అభ్యాసాల మూలాలు చాలావరకు బౌహౌస్‌లో ఉన్నాయి. 1919లో జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ పెట్టిన ఆ స్కూల్లో నేతపని నేర్చుకోవడానికి వచ్చినా, లోహపు పనికి వచ్చినా ముందు యోహానెస్ ఇట్టెన్ రూపొందించిన ప్రాథమిక కోర్సు పూర్తి చేయాల్సిందే. గీతలు, వెలుగు నీడలు, వస్తువుల స్పర్శ ఆ కోర్సులో ముఖ్యమైనవి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. గతంలో చేసిచ్చిన పోస్టర్లలో మీకు బాగా నచ్చినదాన్ని తీయండి. ఫొటోలు, రంగులు, అలంకారాలు తీసేయండి. ఒకే ఫాంట్, ఒకే సైజు, నలుపు మాత్రమే. స్థానం, ఖాళీ ఈ రెండింటితోనే ఏది ముందు చదవాలో, ఏది తర్వాతో తెలిసేలా అమర్చండి. అది కుదిరాక ఒక్క లైనును బోల్డ్ చేయండి. ఆ తర్వాత సైజు మార్చండి, చివరికి ఒక్క రంగు కలపండి. ప్రతి మెట్టునూ సేవ్ చేసి, దేన్ని ఎందుకు మార్చారో పక్కన రెండు వాక్యాల్లో రాయండి. ఈ వరుసంతా పోర్ట్‌ఫోలియోలో పెట్టండి. మెరిసే పోస్టర్లు ఇరవై చూపించే బదులు ఇలాంటివి నాలుగైదు చూపిస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆగి ప్రశ్నలు అడుగుతారు.

ఉద్యోగ ప్రయత్నానికి కోర్సు మానాల్సిన అవసరమూ లేదు. టూల్స్ వచ్చు కాబట్టి పార్ట్‌టైమ్‌గానో, ఇంటర్న్‌గానో చిన్న పనులు ఒప్పుకోండి. అక్కడ వచ్చిన కరెక్షన్లు తీసుకెళ్లి క్లాసులో అడగండి. వచ్చే సెమిస్టర్‌లో కూడా టైపోగ్రఫీ, లేఅవుట్ మొదలుపెట్టకుండా ఇవే జాబితాలు రాయిస్తుంటే, అప్పుడు వేరే కోర్సు గురించి ఆలోచిద్దాం.