లినక్స్ బూట్ కాకపోతే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి చివర ఒకే మాట ఉంది: ‘అంతా ఫార్మాట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేయమంటారా?’ తొందరపడొద్దు. లినక్స్ బూట్ అవడమంటే పని చేతులు మారుతూ పోవడం. మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ (పాతవాటిలో బయాస్, కొత్తవాటిలో యూఈఎఫ్‌ఐ) గ్రబ్‌ను, అంటే బూట్ మెనూ చూపే ప్రోగ్రామ్‌ను లేపుతుంది. గ్రబ్ లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌నూ, దానికి మొదట్లో కావాల్సిన డ్రైవర్ల మూట ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌నూ మెమరీలోకి తెస్తుంది, అక్కడి నుంచి మిగతా సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ అందుకుంటుంది. పని ఎవరి చేతిలో ఆగిందో తెర మీది చివరి వరుసలు చెబుతాయి. ముందు వాటిని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాతే కీబోర్డు ముట్టుకోండి.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ప్రశ్న: ఉబుంటు సిస్టమ్ నుంచి రెండో హార్డ్ డిస్క్ తీసేశాను. అందులో డేటా తప్ప మరేమీ లేదు. అప్పటి నుంచి ఆన్ చేస్తే ఒకటిన్నర నిమిషం ఆగి, ‘యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్’ అని వస్తోంది. ఉబుంటు పాడైందా?

జవాబు: ఉబుంటు బాగానే ఉంది. ‘/ఈటీసీ/ఎఫ్‌స్టాబ్’ అనే ఫైల్లో, అంటే బూట్ అయ్యేటప్పుడు కలపాల్సిన డిస్కుల జాబితాలో, ఆ పాత డిస్క్ వరుస ఇంకా ఉండిపోయింది. అందులో రాసిన డిస్క్ కోసం సిస్టమ్‌డీ 90 సెకన్లు చూస్తుంది. దొరక్కపోతే, అది తప్పనిసరి డిస్క్ అనుకుని ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. మీరు చూసిన ఒకటిన్నర నిమిషం అదే.

ఆ తెర మీదే ఎంటర్ కొడితే రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) ప్రాంప్ట్, అంటే కమాండ్లు కొట్టే చోటు, వస్తుంది. డెబియన్‌లో రూట్ పాస్‌వర్డ్ పెట్టుకోని వారికి అకౌంట్ లాక్ అయిందన్న సందేశం వస్తుంది. వాళ్లు లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, రూట్ పార్టిషన్‌ను, అంటే లినక్స్ ఉన్న డిస్క్ భాగాన్ని, మౌంట్ చేసుకుని (ఫోల్డర్‌గా కలుపుకుని) ఇదే ఫైల్‌ను దిద్దాలి.

ముందు ‘మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /’ కొట్టండి. లేకపోతే ఫైల్ దిద్దాక సేవ్ కాకపోవచ్చు. తర్వాత ‘బీఎల్‌కేఐడీ’ కొడితే ఇప్పుడున్న పార్టిషన్ల యూయూఐడీలు, అంటే గుర్తింపు సంఖ్యలు, కనిపిస్తాయి, రాసి పెట్టుకోండి. ఆపైన ‘నానో /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్’తో ఫైల్ తెరవండి. ఎఫ్‌స్టాబ్‌లో ఉండి ఆ జాబితాలో లేని యూయూఐడీయే దోషి. ఆ వరుస మొదట్లో # పెట్టి సేవ్ చేసి ‘రీబూట్’ కొట్టండి.

అప్పుడప్పుడు తగిలించే డిస్క్ అయితే వరుస తీసేయనక్కర్లేదు. ఎఫ్‌స్టాబ్‌లో ప్రతి వరుసకూ ఆరు గడులు: డిస్క్, ఫోల్డర్, ఫైల్ సిస్టమ్, ఆప్షన్లు, చివర రెండు అంకెలు. నాలుగో గడిలో ‘డిఫాల్ట్స్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్’ అని రాయండి. డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు. ఇక్కడ ఒక్క జాగ్రత్త: కామా తర్వాత ఖాళీ వదలకూడదు. ఖాళీ పడితే ‘నోఫెయిల్’ అన్న మాట అంకె ఉండాల్సిన ఐదో గడిలోకి జారిపోతుంది, వరుస మొత్తం చెడుతుంది. కంటికి ఆనని తప్పు ఇది. అందుకే రీబూట్‌కు ముందు ‘ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై’ కొట్టి చూసుకోవడం అలవాటు చేసుకోండి. పొరపాటు ఏ వరుసలో ఉందో చెప్పేస్తుంది.

ప్రశ్న: విండోస్‌లోకి వెళ్లి ఒక పార్టిషన్ డిలీట్ చేశాను. ఇప్పుడు ‘గ్రబ్ రెస్క్యూ’ అని మాత్రమే వస్తోంది.

జవాబు: గ్రబ్ రెండు ముక్కలుగా ఉంటుంది. మొదట లేచే చిన్న ముక్క ఒకచోట, మిగతా మాడ్యూళ్లు లినక్స్ పార్టిషన్‌లోని ‘/బూట్/గ్రబ్’ ఫోల్డర్‌లో. పార్టిషన్ తీసేయడంతో నంబర్లు మారితే చిన్న ముక్కకు పెద్ద ముక్క దొరకదు. దారి మనం చూపించాలి.

‘ఎల్‌ఎస్’ కొట్టండి. (హెచ్‌డీ0,జీపీటీ1), (హెచ్‌డీ0,జీపీటీ2) అంటూ జాబితా వస్తుంది. గ్రబ్‌లో డిస్కుల లెక్క 0 నుంచి, పార్టిషన్ల లెక్క 1 నుంచి. ఒక్కొక్కదాన్నీ ‘ఎల్‌ఎస్ (హెచ్‌డీ0,జీపీటీ2)/’ అని చూడండి. చివరి గీత మరిచిపోతే ఫోల్డర్లు కనిపించవు. ఈటీసీ, హోమ్, బూట్ కనిపించిందే మీ లినక్స్. అది 2వ పార్టిషన్ అనుకుంటే వరుసగా ఇవి:

‘సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ2)’
‘సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ2)/బూట్/గ్రబ్’
‘ఇన్‌స్‌మాడ్ నార్మల్’
‘నార్మల్’

మెనూ వస్తుంది. బూట్‌కు వేరే పార్టిషన్ ఉంటే మొదటి రెండు వరుసల్లో ఆ పార్టిషన్ పేరే ఇచ్చి, ప్రిఫిక్స్ చివర ‘/గ్రబ్’ అని మాత్రమే రాయాలి.

లినక్స్‌లోకి వెళ్లాక పని అయిపోలేదు, ఇప్పుడు చేసింది ఈ ఒక్కసారికే. ఉబుంటు, డెబియన్ వాళ్లు ‘సుడో గ్రబ్-ఇన్‌స్టాల్’, ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ నడపాలి. పాత బయాస్ పద్ధతి సిస్టమ్ అయితే మొదటి కమాండ్ చివర ‘/డెవ్/ఎస్‌డీఏ’ అని డిస్క్ పేరు ఇవ్వాలి, ఎస్‌డీఏ1 అని పార్టిషన్ పేరు కాదు. యూఈఎఫ్‌ఐ మీద నడిచే ఫెడోరాలో గ్రబ్-ఇన్‌స్టాల్ వాడొద్దు, ప్యాకేజీలు వేసే డీఎన్‌ఎఫ్ కమాండ్‌తో షిమ్ (గ్రబ్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామ్), గ్రబ్ ప్యాకేజీలను రీఇన్‌స్టాల్ చేయాలి.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత ‘కెర్నల్ ప్యానిక్, అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)’ అంటోంది. డిస్క్ పోయిందంటున్నారు.

జవాబు: ఆ సందేశం చూసి డిస్క్ మార్చకండి. ఆ (0,0) ఉందే, కెర్నల్‌కు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అందలేదని ఎక్కువసార్లు దానికి అర్థం. డిస్క్‌ను చదివే డ్రైవర్లు అందులోనే ఉంటాయి. అది ఎందుకు లేదంటే, చాలావరకు కెర్నళ్లు ఉండే ‘/బూట్’ నిండిపోయి అప్‌డేట్ మధ్యలో ఆగిపోవడం వల్ల.

పాత బయాస్‌లో షిఫ్ట్ నొక్కిపట్టి, యూఈఎఫ్‌ఐలో ఎస్కేప్ ఒక్కసారి నొక్కి గ్రబ్ మెనూ తెప్పించండి. ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో పాత కెర్నల్ ఎంచుకోండి, లోపలికి వెళ్తారు. ‘డీఎఫ్ -హెచ్ /బూట్’తో ఎంత నిండిందో చూసి, ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్’తో పాత కెర్నళ్లు తీసేయండి. ‘యూనేమ్ -ఆర్’ చూపించే కెర్నల్ ఇప్పుడు మిమ్మల్ని మోస్తున్నది, దాని జోలికి పోవద్దు. ఖాళీ దొరికాక ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -సీ -కే’ తర్వాత కొత్త కెర్నల్ వెర్షన్ రాసి నడపండి, ఆపైన అప్‌డేట్-గ్రబ్.

ప్రశ్న: లోగో వచ్చాక తెర నల్లగా ఉండిపోతోంది.

జవాబు: గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించండి. గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, ‘లినక్స్’తో మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి, ఎఫ్10 నొక్కండి. తెర వస్తే డ్రైవర్ మళ్లీ వేసుకోవాలి. ఎన్విడియా కార్డు, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే రానిచ్చే భద్రత) రెండూ ఉంటే డ్రైవర్ మాడ్యూల్‌కు సంతకం లేక కెర్నల్ దాన్ని రానివ్వకపోవడమూ మామూలే.

ప్రశ్న: ‘(ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్)’ అన్న ప్రాంప్ట్ దగ్గర ఆగింది. పైన ‘రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ’ అని ఉంది.

జవాబు: పై వరుసల్లో ‘ఐ/ఓ ఎర్రర్’ అన్న మాట ఉందేమో ముందు వెతకండి.

లేకపోతే, కరెంటు పోయినప్పుడు ఫైల్ సిస్టమ్ చెదిరి ఉండొచ్చు. అక్కడే ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ‘ఎఫ్‌ఎస్‌సీకే -వై’ కొట్టి, సందేశంలో కనిపించిన పార్టిషన్ పేరు, ఉదాహరణకు ‘/డెవ్/ఎస్‌డీఏ2’, ఇవ్వండి. పూర్తయ్యాక ‘ఎగ్జిట్’. ఇది ఈఎక్స్‌టీ4 రకం ఫైల్ సిస్టమ్‌కు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్’ వాడాలి.

ఐ/ఓ ఎర్రర్ ఉంటే మాత్రం ఎఫ్‌ఎస్‌సీకే నడపొద్దు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద అది రాతలు రాస్తుంది, మిగిలినదీ పోవచ్చు. వదులైన కేబుల్ వల్లా ఇదే సందేశం వస్తుంది కనుక ముందు కేబుల్ మార్చి చూడండి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్ ఆరోగ్యం చూపే ‘సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ’ కొట్టండి. ‘కరెంట్ పెండింగ్ సెక్టర్’ దగ్గర చివరి గడిలో 0 కాక వేరే అంకె ఉంటే డిస్క్ కొన్నిచోట్ల చదవలేకపోతోంది. అంతకంటే పెద్ద డిస్క్ ఇంకొకటి తగిలించి, ‘జీఎన్‌యూ డీడీరెస్క్యూ’తో మొత్తం నకలు తీయండి. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్‌ఫైల్ పేరు తప్పకుండా ఇవ్వండి, దాన్ని లైవ్ సిస్టమ్‌లో కాకుండా వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి. మధ్యలో ఆగిపోయినా చదివినచోటును మళ్లీ చదవకుండా అక్కడి నుంచే కొనసాగుతుంది. ఎఫ్‌ఎస్‌సీకే ఆ నకలు మీద నడపండి.