బెల్టు మార్చినా టైమింగ్ తప్పుతోందా? కింది గేరు విప్పి చూడండి

ఏడాదిలో రెండు టైమింగ్ బెల్టులు (ఇంజిన్‌లో క్రాంకును, వాల్వులు తెరిచే క్యామ్‌ను ఒకే లయలో తిప్పేవి) మార్చినా అంచు చీలుతోందని, పొద్దున బండి మొరాయిస్తోందని రాశారు. తప్పు బెల్టుది కాకపోవచ్చు. నా అనుమానం క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కొసన ఉండే చిన్న కింది గేరు మీద. దాన్ని కదలకుండా పట్టేది గాడిలో కూర్చునే, వేలెడు కూడా లేని ఇనుప ముక్క (కీ), మధ్య బోల్టు బిగుతు. బోల్టు కాస్త వదులైతే కీ గాడి అరుగుతుంది, గేరు ఊగుతుంది, టైమింగ్ జారుతుంది.

నా పాత కారులో గేరు తీసి గాడిలో గోరు పెడితే మెట్టులా తగిలింది. అంతకుముందు రెండుసార్లు బెల్టు వేయించాను, ఎవరూ అది చూడలేదు!

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గేరు కొనేటప్పుడు పాతది చేతిలో ఉంచుకుని పళ్లు లెక్కపెట్టండి. క్యామ్ గేరుకు క్రాంకు గేరు కంటే రెట్టింపు పళ్లుండాలి. కీ, బోల్టు, టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచేది), ఆయిల్ సీలు కూడా కొత్తవే వేయండి. సీలు కారితే నూనె బెల్టును తినేస్తుంది. క్రాంకు మీది గాడే అరిగి ఉంటే మాత్రం కొత్త గేరు నిలవదు, ముందు లేత్ పనివారికి చూపించాలి.

బోల్టును అంచనాతో కాదు, మాన్యువల్‌లోని లెక్క ప్రకారం టార్క్ రెంచితో (బిగువును కొలిచే స్పానర్) బిగించమనండి. తర్వాత క్రాంకును స్పానర్‌తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పి గేర్ల మీది టైమింగ్ గుర్తులు కలిశాయో లేదో చూడాలి. మధ్యలో గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయకండి, వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండొచ్చు. అప్పటిదాకా బండిని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించకండి.