ఇంటర్నెట్ కొత్తల్లో రాజకీయ నాయకుల దగ్గర పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ పని ఎలా ఉండేది, ఇప్పుడు పనికొస్తుందా?

ఉన్నాం. నేను 1998 చివర్లో మొదలుపెట్టి 2004 ఎన్నికల దాకా హైదరాబాద్‌లో ఇదే పని, అంటే నాయకుల వెబ్‌సైట్, ఈమెయిళ్లు చూసుకునే పని చేశాను, ముందు ఒక ఎమ్మెల్యే గారి దగ్గర, తర్వాత ఒక ఎంపీ గారి దగ్గర. పేర్లు, పార్టీలు చెప్పను, నన్ను నమ్మి వాళ్లకొచ్చిన ఉత్తరాలన్నీ చదవనిచ్చిన మనుషులు వాళ్లు. మీరు ఒక నాయకుడి సోషల్ మీడియా టీమ్‌లో చేరదామనుకుంటున్నట్టు రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలను కూడా అనుమతించారు, హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైందీ ఆ నెలలోనే. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సులు పెడుతున్న రోజులవి. దాంతో మిగతా నాయకులకి, ప్రతిపక్షంలో ఉన్నవాళ్లకి కూడా, మనకీ ఒక వెబ్‌సైట్ ఉండాలి కదా అని టెన్షన్ పట్టుకుంది. నాకు పని దొరికింది అలాగే.

వెబ్‌సైట్ తయారు చేయడం పెద్ద కష్టం కాదు, తెలుగు చూపించడమే కష్టం. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ తెలుగు అప్పటికి మామూలు కంప్యూటర్లలో లేదు, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాక గానీ దారి దొరకలేదు. మనం ఏ ఫాంట్‌లో టైప్ చేశామో అదే ఫాంట్ అవతలివాళ్ల దగ్గర లేకపోతే తెరమీద పిచ్చి గీతలు కనిపించేవి. అందుకని పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతో టైప్ చేసి, దాన్ని బొమ్మగా మార్చి పెట్టేవాళ్లం. డయలప్ మీద, అంటే ఫోన్ లైన్‌తో నడిచే నెమ్మది ఇంటర్నెట్ మీద, ఆ బొమ్మ తెరుచుకునేసరికి చదివేవాళ్ల ఓపిక అయిపోయేది, కాబట్టి ఒక్కో మాటా ఆలోచించి తగ్గించేవాళ్లం. ఇంట్లో ఉన్న ఒకే ల్యాండ్‌లైన్‌కి మోడెం తగిలిస్తే నియోజకవర్గం నుంచి ఫోన్లు కలవవు, పీఏ గారికి కోపం వస్తుంది, అందుకే రాత్రి అందరూ వెళ్లిపోయాక కూర్చునేవాణ్ణి.

అసలు పనంతా ఈమెయిళ్లతోనే. వై2కె పనుల మీద, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదవకుండా సరిచేసే పనుల మీద, మన పిల్లలు వేలల్లో అమెరికా వెళ్లిన కాలం. వాళ్లు రాసేది రాజకీయం గురించి కాదు, ఊరి గురించి. అమ్మకి వితంతు పింఛను ఆగిపోయిందని, నాన్న పొలం పాస్‌బుక్ మండలాఫీసులో పడి ఉందని, బడికి గది కట్టించడానికి డబ్బిస్తాం, ప్రభుత్వ జన్మభూమి కార్యక్రమం కింద ఎవరికి కట్టాలని... నాయకుడు కంప్యూటర్ ముందు కూర్చోడు. నేను ప్రింట్ తీసి, పొద్దున్నే వచ్చే అర్జీల కట్టలో కలిపేవాణ్ణి. ఆయన అంచులో పెన్నుతో రెండు ముక్కలు రాసేవారు, "ఎమ్మార్వోతో మాట్లాడు" అనో, "ఆదివారం గుర్తు చెయ్" అనో. నేను దాన్ని ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో టైప్ చేసి జవాబు పంపేవాణ్ణి. పని జరిగిందా లేదా అని కనుక్కుని మళ్లీ ఇంకో జవాబు పంపేవాణ్ణి, ఈ రెండో జవాబే ముఖ్యం.

"ఓటు లేనివాళ్లకి ఇంత చాకిరీ ఎందుకయ్యా?" అని అనుచరులు అడిగేవాళ్లు. నిజమే, విదేశాల్లో ఉండే భారతీయులకి ఓటు హక్కు కల్పిస్తూ చట్టం మారింది 2010లో గానీ కాదు. కానీ డాలస్ నుంచి కొడుకు ఇంటికి ఫోన్ చేసి, ఫలానా ఆయన నాకు జవాబిచ్చాడు, అమ్మ పని చేయించాడు అని చెబితే ఆ వీధంతా వింటుంది. 1999 సెప్టెంబరు ఎన్నికల్లో తిరిగినప్పుడు ఆ ఇళ్లలో మాకు దొరికిన ఆదరణ నేను కళ్లారా చూశాను.

ఎంపీ గారి దగ్గర నేను పట్టుబట్టి పెట్టించిన పేజీ ఒకటుంది. అప్పట్లో ఎంపీ నిధులు ఏడాదికి 2 కోట్లు. ఏ ఊళ్లో ఏ పనికి ఎంత ఇచ్చారో మండలాల వారీగా పెట్టాం. మా ఊరికి ఎందుకు రాలేదని తిట్లూ వచ్చాయి. అయినా తీయలేదాయన, అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

కెరీర్‌గా అంటారా, మాకు హోదా లేదు, నియామక పత్రం లేదు. 2004లో ఆయన ఓడిపోగానే పని కూడా పోయింది. మీరు చేరేముందు జీతం ఎవరు ఇస్తారు, పార్టీనా, నాయకుడా, మధ్యలో ఏజెన్సీనా అన్నది తేల్చుకోండి. ఓడితే ఏమిటన్నది కూడా ముందే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అనుభవం పనికొస్తుందా అంటే, ఫాంట్లు, మోడెంలు ఎలాగూ పోయాయి. కానీ ఈరోజుకీ నాయకుల పోస్టుల కింద కామెంట్లు చూడండి, సగం అర్జీలే: పింఛను, రోడ్డు, కరెంటు స్తంభం. వాటిని ఎవరూ చదవట్లేదు, పైన ఫొటోలు మాత్రం రోజుకి పది మారుతున్నాయి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, ఈ కామెంట్లు పీఏ గారి బల్ల మీదకి ఎలా చేరతాయి, ఎవరు జవాబిస్తారు అని అడగండి. దానికి మనిషి లేడంటే, ఆ పని నేను చేస్తానని చెప్పి చేరండి.